నదిని చూచు కన్ను

ధ్యానభాగము: ఆదికాండము 16:7–14

మన సంఘములోని ఒక యౌవనుడు నూనె రంగులతో చిత్రములు వ్రాయ నేర్చుకొనుచున్నాడు. ఒకనాడు అతడు నది బొమ్మ యొకటి తెచ్చి మాకు చూపెను. చెట్లు, సాయంకాలపు మేఘములు, బంగారువలె మెరయు నీరు, అన్నియు రమ్యముగా నుండెను. అయితే ఆ రేవులో దినమెల్ల మోకాలిలోతు నీళ్లలో నిలిచి బట్టలుతుకు స్త్రీలు అందులో లేరు. ఏల విడిచితివని అడుగగా, “వాళ్లను వేస్తే అందం చెడిపోతుందండి, అయ్యగారూ” అనెను. కష్టమును విడిచి అందమును మాత్రమే చూపుట అబద్ధమగునా? ఈ ప్రశ్న మమ్మును చాల దినములు వెంటాడెను.

ఈ విద్య ఓపికను కోరును. అవిసెనూనెతో నూరిన రంగు త్వరగా ఆరదు. మొదటి పూత టర్పెంటైనుతో పలుచగా నుండవలెను. తరువాతి పూతలలో నూనె పెరుగవలెను. ఈ వరుస తప్పినయెడల పైపూత బీటలువారును. క్రొత్తవాడు నీరనగానే నీలిరంగు పూయును. నేర్పరియైన గురువు ముందు ఆకాశమును చూడుమనును. ఏలయనగా నది పైనున్న మేఘమును, గట్టుననున్న చెట్టును తనలో చూపును. కాబట్టి చేతికంటె ముందు కన్ను నేర్చుకొనవలెను.

ఇంగ్లాండులో స్టూరు నది యొడ్డున పిండిమర యజమానికి పుట్టిన జాన్ కాన్‌స్టేబుల్ (1776–1837) అట్లే నేర్చుకొనెను. రోములో నివసించిన క్లాడ్ లొరెయిన్ 1646లో వ్రాసిన హాగరు చిత్రము అతనికి ఆదర్శమాయెను. 1802లో తన యూరి లోయను చిత్రించినప్పుడు దాని అమరికనే అనుసరించెను. 1821లో అతడు వ్రాసిన గడ్డిబండి చిత్రము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. నదిలో బండి నిలిచియున్నది. ఇంటియొద్ద ఒక స్త్రీ నీటికి వంగియున్నది. దూరపు పొలములో గడ్డికోయు కూలీలు చిన్న చుక్కలవలె కనబడుదురు. ఆ మరుసటి యేడు, 1822లో, ఆ తూర్పు ప్రాంతపు కూలీలు బ్రదుకుతెరువు లేక నూర్పిడి యంత్రములను పగులగొట్టిరి. ఆ వేదన చిత్రములో లేదు. అయినను అతనిని అబద్ధికుడని మేము అనజాలము. ఒక్క చిత్రము సమస్తమును చూపలేదు. అతడు పనివారిని చిన్నవారినిగా వ్రాసెనేగాని తుడిచివేయలేదు.

ఇక ఆ హాగరు చిత్రమును తలంచుడి. లేఖనము చెప్పునది అరణ్యములోని నీటిబుగ్గ. క్లాడ్ వ్రాసినది నది, వంతెన, పచ్చని చెట్లు. అందము మిక్కుటమే. అయినను ముందుభాగమున ఇల్లు విడిచి పారిపోయిన దాసి యున్నది, ఆమెయొద్ద దేవదూత యున్నాడు. శారయి ఆమెను శ్రమపెట్టెను, అబ్రాము అడ్డుపడలేదు. దేవుడైతే ఆమెను పేరుపెట్టి పిలిపించి, ఎక్కడనుండి వచ్చుచున్నదని అడిగించెను. తన్ను చూచు దేవుడని ఆమె ఆయనకు పేరు పెట్టెను. నదులను ఇంత సుందరముగా చేసిన దేవుడే, నీటియొద్ద నున్న దాసిని చూచెను. ఆయన దృష్టిలో ఒకటి రెండవదానికి అడ్డురాదు.

కాబట్టి అందమును ప్రేమించుట పాపము కాదు. మనుష్యుని అందమునకు అడ్డమని యెంచుటయే పాపము. ఈ మాట వ్రాయుచుండగా మా మనస్సాక్షి మమ్మునే గద్దించెను. ఆ రేవులో బట్టలుతుకువారిలో ఒకతె మన సంఘపు విధవరాలే. పండుగకు గుడికి సున్నము వేయించి, తోరణములు కట్టించు సందడిలో, ఆమె రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదని మేము గమనింపలేదు. ఆమె జ్వరముతో పడియుండెను. ఆమెను బొమ్మలో వెదకితిమిగాని సంఘములో వెదకలేదు.

ఆ యౌవనుడు తన చిత్రమును మార్చవలెనని మేము చెప్పలేదు. మాతోకూడ ఆమె యింటికి రమ్మని మాత్రము అడిగితిమి. అతడు వచ్చెను. సహోదరులారా, ఈ వారము మీ గుడిలో ఖాళీగానున్న చోటు ఎవరిదో చూడుడి. చూచు దేవుడు మనకును చూచు కన్నులు దయచేయును గాక. ఆమేన్.