ఒక చిన్న భాగము పాడైనప్పుడు

ఒక వస్తువులో ఒక చిన్న భాగము అరిగిపోయిన యెడల ఆ వస్తువునంతటిని పారవేయుట న్యాయమా? ఈ ప్రశ్న స్వల్పముగా కనబడును గాని, దినదినము మన చేతులే దీనికి జవాబు చెప్పుచున్నవి.

కంప్యూటరుకు వాడు తీగలేని మౌసును తీసికొందము. ఇప్పుడు గ్రామ సంఘములలో సయితము సభ్యుల జాబితాలు, కానుకల లెక్కలు కంప్యూటరులో వ్రాయబడుచున్నవి గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట, రాత్రియంతయు ఛార్జింగు పెట్టినను ఆ మౌసు కొద్దిసేపటికే ఆగిపోవును. మీటలు బాగుగనే యుండును. చక్రము బాగుగనే తిరుగును. అలసినది లోపలి బ్యాటరీ మాత్రమే. మాటిమాటికి నింపి ఖాళీ చేయుటవలనను, వేడివలనను, కాలము గడచుటవలనను అది శక్తిని పట్టియుంచు గుణమును కొంచెము కొంచెముగా పోగొట్టుకొనును. అది దాని స్వభావము. అయినను అనేకులు “మౌసు పోయినది” అని చెప్పి చెత్తబుట్టలో వేయుదురు.

మన తీరమున, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటను తలంచుడి. అక్కడనుండి 2013 నవంబరు 5న మంగళయాన్ బయలుదేరెను. అంగారకుని యొద్ద ఆరు నెలలు పనిచేయవలెనని దానిని నిర్మించిరి; అది ఏడేండ్లకు పైగా పనిచేసెను. సూర్యుడు మరుగైనప్పుడెల్ల దానికి బ్యాటరీయే ఆధారము. 2022 ఏప్రిల్‌లో దీర్ఘమైన గ్రహణము తరువాత దానితో సంబంధము తెగిపోయెను. ఇంధనము తీరియుండుననియు, ఇక దానిని తిరిగి లేపుట సాధ్యము కాదనియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. అక్కడికి ఏ మనుష్యుని చెయ్యియు అందదు. మౌసైతే మన బల్లమీదనే యున్నది. అందని దానిని విడిచినవారిని ఎవరును తప్పుపట్టరు. అందుదాని విషయమైతే మనము లెక్క చెప్పవలసినవారము.

“క్రొత్తది చౌకగా దొరకుచుండగా ఈ శ్రమ యెందుకు?” అని కొందరందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. బాగుచేయించు కూలి ఒక్కొక్కప్పుడు క్రొత్త వస్తువు ధరను మించును. అయితే ధర చీటీపై వ్రాయబడని ఖర్చులును కలవు. లిథియము మొదలైన లోహములను భూమిని త్రవ్వి తీయవలెను. చెత్తలో నలిగిన లిథియము బ్యాటరీ మంటలు రేపగలదు; ఆ చెత్తను చేతులతో ఏరువారు మనము కాము, మనకంటె బీదలు. యోహాను సువార్త 6వ అధ్యాయములో అయిదువేలమంది తృప్తిగా భుజించిన తరువాత, మిగిలిన ముక్కలను కూర్చి పండ్రెండు గంపలు నింపిరి. అయిదు రొట్టెలతో అంతమందిని పోషింపగలవానికి ముక్కలతో పనియేమి? సమృద్ధి కలిగియుండుట వ్యర్థపరచుటకు సెలవు కాదని అక్కడ మనకు తెలియుచున్నది.

అయితే చేయవలసిన దానిని తెలివితో చేయవలెను. కొన్ని మౌసులలో సాధారణ పెన్సిలు సెల్లు ఆకారములో నున్న 1.2 వోల్టుల ఛార్జింగు సెల్లు ఉండును. మూత తీసి అటువంటిదే మరియొకటి పెట్టిన చాలును. ఛార్జింగు కాని మామూలు సెల్లును అందులో పెట్టి ఛార్జింగు చేయరాదు. అది కారి లోపలి భాగములను తినివేయును. మరికొన్నిటిలో పలుచని లిథియము బ్యాటరీ లోపల అమర్చబడియుండును. దాని వోల్టులు, కొలత, తీగల వరుస సరిచూచి మార్చవలెను. అది ఉబ్బియున్న యెడల పొడువక, వంచక, పని తెలిసిన మెకానిక్కునకు అప్పగించుడి.

తయారుచేయువారికిని బాధ్యత కలదు. తెరువ వీలులేకుండ జిగురుతో అతికించి అమ్ముట కొనువాని చేతులు కట్టివేయుటయే. ఐరోపా సమాజము 2023లో చేసిన చట్టము ప్రకారము, 2027 ఫిబ్రవరి 18 నుండి ఇటువంటి వస్తువులలో చాలవరకు బ్యాటరీని వాడువారే తీసి మార్చుకొనునట్లు ఉండవలెను. మన దేశములో 2022 నాటి నియమములు పాత బ్యాటరీలను సేకరించు భారమును తయారీదారులపై మోపినవి; వాటిని ఇతర చెత్తలో కలుపకుండుట మన వంతు.

కాబట్టి ప్రియ చదువరులారా, ఏ వస్తువునైనను “పోయినది” అని తీర్పు చెప్పుటకు ముందు, పోయినది ఏ భాగమో చూడుడి. అది మీ చేతికందునదైతే మార్చుడి. మార్చుట నిజముగా అసాధ్యమైతే, తగిన సేకరణ స్థలమునకు చేర్చుడి.