అకరణంలో దోషం

అధ్యక్ష పదవి ఒక పార్టీ చేతిలోనూ, చట్టసభ అయిన కాంగ్రెస్‌లో ఒక సభో రెండు సభలో ప్రతిపక్షం చేతిలోనూ ఉండే స్థితిని అమెరికాలో విభజిత ప్రభుత్వం అంటారు. దీని ఫలితం ప్రతిష్టంభనేనని చాలాకాలం నమ్మినా, 1946 నుంచి 1990 వరకు వెలువడిన ముఖ్య శాసనాలను పరిశీలించిన డేవిడ్ మేహ్యూ, అధికారం ఒకే పార్టీ చేతిలో ఉన్న కాలానికీ చీలిన కాలానికీ వాటి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదని 1991లో తేల్చాడు. అయితే ఇద్దరి సమ్మతి లేనిదే జరగని పని ఆగిపోయినప్పుడు ఆ దోషం ఎవరికి చెందుతుందన్న ప్రశ్న ఈ లెక్కకు అందదు.

వేదకర్మలను విచారించే మీమాంసకులు చేసిన కర్మల విభాగం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఫలాపేక్షతో చేసే కామ్యకర్మను మానితే ఆ ఫలం దక్కదు, అంతే. సంధ్యావందనం వంటి నిత్యకర్మను మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే విధి తప్పినందువల్ల కలిగే పాపం, అంటుకుంటుందని కర్మవాదుల మతం. కొత్త చట్టం కామ్యం వంటిది. అధికార స్థానాల స్వార్థాలను ఒకదానితో ఒకటి అడ్డగింపజేయాలని 1788లో ఫెడరలిస్ట్ 51వ వ్యాసంలో వాదించిన జేమ్స్ మాడిసన్ దృష్టిలో అటువంటి చట్టం ఆగిపోవడం ఒక్కోసారి మేలే. ఏటేటా ఖజానా వ్యయాన్ని అనుమతించడం మాత్రం నిత్యం. 1995లో రిపబ్లికన్ కాంగ్రెస్, ఏడేళ్లలో లోటు పూడ్చే తన ప్రణాళికకు అధ్యక్షుడు క్లింటన్‌ను ఒప్పించాలని, తన కామ్యం కోసం ఈ నిత్యాన్ని పణంగా పెట్టింది, ఆయనా దిగిరాలేదు.

అభావం నుంచి భావం పుట్టదనీ, కాబట్టి కేవలం చేయకపోవడం వల్ల ప్రత్యవాయం కలగదనీ శంకరులు గీతాభాష్యంలో ఆక్షేపించారు. విచిత్రమేమిటంటే అమెరికా చరిత్ర కొంతదూరం ఆయన పక్షానే నిలుస్తుంది. అనుమతి లేని వ్యయాన్ని నిషేధించే చట్టం 1884 నుంచీ ఉన్నా, నిధుల బిల్లు ఆలస్యమైనప్పుడు కార్యాలయాలు చాలావరకు పనిచేస్తూనే ఉండేవి. 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ చట్టానికి కఠినమైన అర్థం చెప్పాకే బిల్లు లేకపోవడమన్న అభావానికి పని ఆపించే శక్తి వచ్చింది. 1995 డిసెంబర్ 16 నుంచి 21 రోజుల పాటు జాతీయ ఉద్యానాలు మూతపడ్డాయి, పాస్‌పోర్టు దరఖాస్తులు పేరుకుపోయాయి, సుమారు 2,84,000 మంది ఉద్యోగులను ఇళ్లకు పంపారు. ఇంత జరుగుతుందని తెలిసి మానుకోవడం సంకల్పమే, సంకల్పం భావరూపమే కనుక, శంకరుల ఆక్షేపణ ఈ పాలకులను కాపాడలేదు. పైగా పని ఆగడానికి ఏ ఒక్కరి నిరాకరణ అయినా చాలినప్పుడు, దోషాన్ని చెరి సగం చేసుకుని తేలికపడే వీలు కూడా ఇద్దరికీ ఉండదు.

అప్పటి ప్రజాభిప్రాయ సేకరణల్లో నింద ఎక్కువగా రిపబ్లికన్ల మీదే పడింది. అయినా 1996 నవంబర్‌లో ఓటర్లు క్లింటన్‌ను రెండోసారి గెలిపిస్తూనే, ఉభయ సభలనూ తిరిగి రిపబ్లికన్లకే అప్పగించారు.