తల దొరకని జంతువు

గత నెల ఒక శనివారం ఒక్కణ్ణే హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్ళాను. పక్కన ఎవరూ లేకపోతే ఒకదాని ముందే ఎంతసేపు నిలబడినా "ఇంకా అవలేదా?" అని అడిగేవాళ్ళుండరు. నేను నిలబడింది కోటసారస్ ముందు. స్కూల్లో ఉండగా నాన్నతో వచ్చినప్పుడు "ఈ ఎముకలన్నీ నిజమైనవేనా?" అని అడిగాను. "అన్నీ నిజమైనవేరా" అన్నారు.

అన్నీ కావు. ప్రాణహిత-గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఇది. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దీనికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దొరికినవి 840 ఎముకలు. అవి కనీసం 12 జంతువులవి. వాటిల్లోంచి ఏరి ఒక్క అస్థిపంజరాన్ని నిలబెట్టారు. కొన్ని పళ్ళు దొరికాయి గానీ, తల దొరకలేదు. మనకి కనిపించే తల ఊహించి చేసినది. అంటే, ఇక్కడ నిలబడ్డ ఈ "ఒక్క" జంతువు ఎప్పుడూ బతకలేదు.

మరి ఇది అబద్ధమా? ఆ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి వేరే కారణం ఉంది. నాన్న సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేద్దాం, రెండు పేజీలు నువ్వు రాయి అంది అమ్మ. అమ్మ చెప్పిన నాన్న, బాబాయి చెప్పిన నాన్న, ఆఫీసు స్నేహితులు చెప్పిన నాన్న ఒకే మనిషిలా లేరు. వాళ్ళందర్నీ కలిపి ఒకర్ని నిలబెట్టాను. బాబాయితో ఆయన పదకొండేళ్ళు ఎందుకు మాట్లాడలేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. "ఇంటి పరువు కోసం ఆ బాధ మింగారు" అని రాసేశాను. చదివి అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ వాక్యం నేను చేసి పెట్టిన తల.

ఖాళీలు పూరించడం తప్పని నేననుకోను. మొండెం మాత్రమే నిలబెట్టి ఉంటే ఆ రోజు నేను దాని ముందు ఆగేవాణ్ణే కాదు. కానీ శాస్త్రవేత్తలు ఏది దొరికిందో, ఏది దొరకలేదో ఎక్కడో ఒకచోట రాసిపెడతారు. కాబట్టి రేపు తల దొరికితే ఈ తల తీసేయొచ్చు. నా వాక్యాన్ని అలా తీసేసే వీలు ఎవరికీ లేదు. పదేళ్ళు పోతే మా పిల్లలకి అదే నాన్న అయిపోతుంది. పూరించడం కాదు, పూరించానని చెప్పకపోవడం తప్పు. అదీ, కాదని చెప్పడానికి ఆయన లేనప్పుడు.

ఇంటికెళ్ళి ఆ వాక్యం కొట్టేసి, "ఎందుకు మాట్లాడలేదో నాకు తెలియదు" అని రాశాను. "అదెందుకురా అందరికీ?" అంది అమ్మ. ఆవిడ మాటలోనూ న్యాయముంది. పుస్తకం ఇంకా ప్రెస్సుకి వెళ్ళలేదు.

మ్యూజియంలో నా వెనక ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని అదే ప్రశ్న అడిగింది. వాళ్ళమ్మ కాసేపు పైకి చూసి, "కొన్ని" అంది.