మోడు చిగురించు కాయకము



కల్యాణపురమున 12వ శతాబ్దములో బసవేశ్వరుని చేరిన శరణులలో మోళిగ మారయ్య యొకడు. మోళిగ యనగా కట్టెలమోపు. ఆయన కాశ్మీరరాజ్యమును త్యజించి వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి, మోపులమ్మి, వచ్చినదానితో జంగమార్చన చేసెనని పరంపర చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ఆ మహనీయుని కథ గలదు. మేదర కేతయ్య వెదురు కోసి, బుట్టలు చేటలు అల్లి దాసోహము నడపెను. గొడ్డలి పట్టిన చేతిని శరణసమాజము తక్కువగా చూడలేదు. ఇష్టలింగము నిలిచినది ఆ కాయలు కాచిన అరచేతిలోనే గదా!

అయినను ఇచట నొక సందేహము పుట్టును. సకలప్రాణులయందు దయ గలిగియుండవలెనని బసవేశ్వరుడు బోధించెను. చెట్టును నరకుట ఆ దయకు విరుద్ధము గాదా? కట్టెలు కొట్టువాడు శరణుడెట్లగును?

దీనికి సమాధానము తూర్పుకనుమలలో కన్నులకు కట్టినట్లు కానవచ్చును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులోయ చుట్టును కొండలపై పోడు చేయు గిరిజనులు పెద్దచెట్లను వేళ్లతో పెకలింపక, మొదలు విడిచి నరకుట పూర్వాచారము. పంట తీసి నేలను బీడు విడిచినపుడు ఆ మోళ్లే చిగిర్చి మరల అడవి యగును. బీడు విడుచు ఏండ్లు తగ్గిన చోట మోళ్లు నీరసించి కొండ బోడియగును. కావున అడవికి గొడ్డలికంటె ఓర్పులేమి యెక్కువ చేటు.

ఒక తండ్రి తన కుమారుని తొలిసారి కట్టెకు గొనిపోయెననుకొందము. కుమారుడు గొడ్డలి యెత్తి నడుమెత్తున కొట్టబోయెను.

"నాయనా, అంత పైన కొట్టకు. నేలకు జానెడు మించనీయకు. నరుకు ఏటవాలుగా నుండవలెను. నీరు నిలిచినచో మోడు కుళ్లును."

"అయ్యా, కొట్టెడిచెట్టే గదా! ఎట్లు కొట్టిన నేమి?"

"మొండి గొడ్డలితో కొట్టినచో బెరడు చీలిపోవును. చిగురు పుట్టునది ఆ బెరడునుండియే. ఆకు రాలిన కాలమున కొట్టినచో వేరులో దాగిన బలమంతయు కొత్త చిగురునకు అందును. ఈ మోడు చావరాదు. రేపు నీ బిడ్డయు దీనికడకే రావలెను."

పని అంతటితో తీరదు. మోడునుండి పిలకలు గుంపుగా వచ్చును. బలమైన రెండుమూడింటిని నిలిపి తక్కినవి తీసివేయవలెను. మేకలు, పశువులు మేయకుండ ముండ్లకంప వేయవలెను. వేరు ముందే లోతునకు దిగియుండుటచే విత్తనపు మొలకకంటె పిలక వేగముగా ఎదుగును. వెదురు విషయమునను అంతే. ఆ యేటి కొమ్ములను ముట్టక, మూడేండ్లు నిండిన ముదురు గడలనే కోయవలెను.

పచ్చికర్ర పనియు నొక గురూపదేశము వంటిదే. అప్పుడే కొట్టిన కర్రలో నీరు నిండియుండును గనుక బాడిసకు, ఉలికి సులభముగా లొంగును. ఎండిన పిదప బిగిసి మొరాయించును. అయితే పచ్చిగా చెక్కినదానిని వెంటనే ఎండలో నుంచినచో పైభాగము ముందు ముడుచుకొని బీటలువారును. నీడలో మెల్లగా ఆరవలెను. బాలుర మనస్సును అట్టిదే. లేతవయసుననే పని నేర్పవలెను. నేర్పిన పిదప తొందరపెట్టి ఎండగట్టరాదు.

కొండలు దిగి అనకాపల్లి జిల్లాలోని వరాహనదీతీరమునకు వచ్చినచో ఏటికొప్పాక గ్రామము గలదు. అచటి లక్కబొమ్మలకు అంకుడు కర్రయే ప్రాణము. మెత్తని ఆ తెల్లకర్రను ఆరబెట్టి, లేతుపై తిప్పుచు ఉలితో మలచి, లక్కరంగులు అద్దుదురు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. సహజవర్ణములను అచట పునరుద్ధరించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడెను. కీర్తి పెరిగెను గాని, చుట్టుపట్ల అడవులలో అంకుడు తరిగెను. కర్ర దొరకనినాడు చేతిలో నేర్పెంత యున్న నేమి? శిల్పి కుమారుడు ఉలి విడిచి పట్నమున కూలి వెదకుకొనవలసివచ్చును. చెట్టుతోపాటు కాయకమును పోవును. భాగ్యవశమున అంకుడు మోడునుండి చక్కగా చిగిర్చు జాతి. పొలముగట్లపై నాటి, వంతులవారీగా కోసికొనినచో తరతరములకు కర్ర యిచ్చును.

ఇపుడు మొదటి సందేహము తీరినది. దాసోహమున ముగియని సంపాదన కాయకము గానేరదు. జంగమునకు, ఆకలిగొన్నవానికి పాలు పెట్టుట దాసోహము. రాబోవువానికి మోడును సజీవముగా విడుచుటయు దాసోహమే. అతడింకను పుట్టలేదు, వచ్చి అడుగలేడు, మెచ్చుకొనలేడు. అట్టివానికై చేసిన సమర్పణలో అహంకారమునకు చోటుండదు. బసవేశ్వరుడు రహస్యముగా తన యింట నుంచిపోయిన ధనమును మారయ్య తనకు దాచుకొనక జంగమములకే సమర్పించెనని కథ. వేరులో దాగిన బలమును అట్టి ధనమే. ఒక్కతరము దానిని పెకలించి అనుభవించుటకు అధికారము లేదు.

మఠములకు తోటలున్నవి, గృహస్థులకు పొలముగట్లున్నవి. రానున్న వానకాలమున కొన్ని అంకుడు మొక్కలనైనను నాటుడు. కోయు దినము వచ్చినపుడు పిల్లలను వెంటగొనిపోయి, పదునైన కత్తిని వారి చేతికిచ్చి, ఎచట ఆపవలెనో చూపుడు. ఎచట కోయవలెనో తెలిసినవారు పలువురు గలరు. ఎచట ఆపవలెనో తెలిసినవాడే కాయకజీవి.