మంత్రగత్తెయు సముద్రమును

మంత్రగత్తెలను, వారు రేపెడి తుపానులను, సప్తసముద్రముల కావలి దీవులను వర్ణించు కథలను యౌవనమున నడుగిడు పిల్లల చేతి కీయవచ్చునా? కూడదని సంస్కారాభిలాషులగు మిత్రులు కొందఱందురు. చేతబడి లేదని యొకప్రక్క బోధించుచు, మంత్రగత్తె పుస్తకమును వేఱొకప్రక్క నందించుట చిల్లికుండలో నీరు పోయుట వంటిదని వారి యాక్షేపణ. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. తెలంగాణమున మెదకు మొదలగు జిల్లాలలో బాణామతి చేసిరను నెపమున మనుష్యులను కట్టివేసి కొట్టుటయు, మంత్రము పలుకకుండ పండ్లూడగొట్టుటయు, చంపుటయు మన కాలమున జరిగిన సంగతులే. మా వీరులపాటికి తెలంగాణపు పొలిమేర దూరము కాదు; వదంతికి పొలిమేరకడ సుంకమును లేదు.

అయినను మన కథలను విప్పి చూతము. సోమదేవుని కథాసరిత్సాగరమున శక్తిదేవుడు కనకపురిని వెదకుచు సముద్రమున పడి మహామత్స్యముచేత మ్రింగబడును. బాలనాగమ్మ కథలో మాయల మరాఠి రాజకాంతను కుక్కగా మార్చి కొనిపోవును. వాని ప్రాణము సప్తసముద్రముల కావలి చిలుకలో నుండును. ఈ కథను 1942లో జెమినీవారు చలనచిత్రముగా తీసిరి. దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954 మొదలు చందమామలో తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, జ్వాలాద్వీపము మున్నగు ధారావాహికలను వ్రాసిరి. ఆ పత్రికను 1952 నుండి 1980 వఱకు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికవాది. మూఢాచారములతో జీవితమంతయు పోరాడిన వీరేశలింగముగారే సత్యరాజా పూర్వదేశయాత్రలలో స్త్రీలు పరిపాలించు దేశమును, మహాకాయులుండు లంకను కల్పించిరి. వీరికి తోచని ప్రమాదము మనకేల తోచవలెను?

ఈ కథలలో మాంత్రికు డెక్కడ నున్నాడో గమనింపుడు. గుహలోనో, గట్టుమీదనో, సముద్రమున కావలనో యుండును. అతడు బలవంతుడు, రాజులే వానికి లోబడుదురు. మఱి యూరిచివర నొంటరిగా బ్రదుకు ముసలిది యెవరు? పేదరాసి పెద్దమ్మ! పరదేశికి కూడువెట్టి, పడుకొన చోటిచ్చి, ఆ యూరి గుట్టు చెప్పి పంపు పుణ్యాత్మురాలు. నిజమైన యూళ్ళలో బాణామతి నింద యెందఱో దిక్కులేని వితంతువులపైననే పడినది. కథ మాంత్రికుని సముద్రము దాటించినది. భయము వానిని పొరుగింటికి తెచ్చినది. ముక్కు వంకరయు, ఒంటరితనమును మాత్రమే మంత్రగత్తెకు గుర్తులుగా చూపు కథలను మేమును పిల్లల కీయము.

భయము పనిచేయు తీరునకు సముద్రమే సాక్షి. స్కాట్లండు రాజగు ఆఱవ జేమ్సు 1589లో డెన్మార్కు రాకుమారిని పెండ్లాడెను. ఆమె యెక్కిన యోడను తుపానులు మరల్చివైచినవి. రాజు తానే పోయి యామెను తెచ్చుకొనవలసివచ్చెను. గాలివానకు కారణము తెలియదు. ఎవరినో యొకరిని కారణము చేయవలెను. ఆగ్నెసు శాంప్సను అను మంత్రసానిని హింసించి, తుపాను నేనే రేపితినని యొప్పించి, 1591లో చంపిరి. 1597లో రాజు స్వయముగా పిశాచవిద్యపై గ్రంథము ప్రకటించెను. షేక్స్పియరు మాక్బెతు నాటకమున జల్లెడనెక్కి సముద్రముపై పోదునను మంత్రగత్తెను చదివి మనము ముచ్చటపడుదుము. అట్టి మాటలతోనే నిజముగా స్త్రీలను విచారించి చంపిరి. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను ముంచినపుడు వాయుగుండ మన నేమో చెప్పగలవారు మనకుండిరి. జేమ్సునకు అట్టివారు లేరు.

ఇటీవల నాంగ్లమున యువజనులకై వెలువడు కల్పితకథలలో మంత్రగత్తెయే నాయిక. పడుచుపిల్ల గాలిని పిలుచును, అలలను శాసించును, తనను హింసించువారి నోడలతో ముంచును. అణగద్రొక్కబడినదానికి బలము కలుగుట చదువరికి హితముగానే యుండును; మాకును సంతోషమే. అయినను ఇందొక చిక్కున్నది. ఈ కథ మంత్రగత్తె మంచిదనును గాని, మంత్రగత్తె లేదని యనదు. ఆగ్నెసు నిరపరాధిని యగుట యామె మంత్రము మంచిదగుటచేత గాదు, ఆమెకు మంత్రమే లేకపోవుటచేత. మెదకున పండ్లూడిన యభాగ్యులకును లేదు. బీహారున 1999లోను, ఝార్ఖండున 2001లోను చేసిన చట్టములు మంత్రగత్తెయను పేరు పెట్టుటనే నేరముగా నెంచినవి. ఆ వివేకము కథకు లేకున్న, చదివించువానికైన నుండవలెను.

కావున పుస్తకమును దాచు పని మేము పెట్టుకొనము. సముద్రమును చూడని మునేటి యొడ్డు పిల్లలకు సముద్రమును కథయే చూపవలెను గదా! పైతరగతివారి కొక కథ చదివి, ఇందు తుపాను రేపిన దెవరని యడిగితిమి, మంత్రగత్తె యనిరి. జేమ్సునకు వచ్చిన తుపానో యనగా, గాలి యనిరి. మఱి యాగ్నెసును చంపినదెవరని యడుగగా, కొందఱు రాజనిరి, కొందఱు న్యాయాధిపతులనిరి. వెనుకబల్లమీది బాలిక యొకతె, "ఆమె పేరు చెప్పినవా"రనెను. ఆ చెప్పినవారిలో గీలిసు డంకను అను దాసి యొకతె. ఆమె యజమానుడు వ్రేళ్ళను మరలో బిగించి నలిపించిన పిమ్మట చెప్పినది. దానిని మఱునాటి పాఠమున చెప్పితిమి.