మెరుపుకు ముందు శుభ్రత

నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో పడవ వెనుక అంచుకు తగిలించే మోటార్ల వ్యాపారాన్ని ఆరంభించగా, ఆయన పేరు మీద 1950లలో తయారైన అటువంటి మోటార్లను పాత యంత్రాల అభిమానులు నేటికీ బాగుచేసి నడుపుతున్నారు.

వీటిలో చాలావాటికి బ్యాటరీ అక్కరలేదు. తాడు లాగినప్పుడు తిరిగే ఫ్లైవీల్ అనే చక్రంలోని అయస్కాంతం రాగితీగ చుట్టిన కాయిల్ పక్కగా సాగి విద్యుత్తును పుట్టిస్తుంది, ఈ ఏర్పాటునే మాగ్నెటో అంటారు. పాయింట్లు అనే రెండు చిన్న లోహపు మొనలు కలిసి ఉన్నంతసేపు ప్రవహించిన విద్యుత్తు, అవి విడిపోయిన క్షణాన తెగిపోవడం వల్ల కాయిల్‌లో వేల వోల్టులు జనించి, స్పార్క్ ప్లగ్ కొన వద్ద నిప్పురవ్వ ఎగురుతుంది. పాయింట్ల మధ్యనే ఆ మెరుపు వృథా కాకుండా కండెన్సర్ అనే భాగం కాపాడుతుంది.

ఏళ్ల తరబడి మూలనపడిన మోటారు పనిచేయకపోవడానికి తరచు కారణం పాయింట్లపై పేరుకున్న సన్నని మలినపు పొర మాత్రమే కనుక, దానిని తుడిచి, అవి పూర్తిగా తెరుచుకున్నప్పటి ఎడాన్ని సుమారు అర మిల్లీమీటరుకు సరిచేసి, పగిలిన కాయిల్ ఉంటే మార్చడం మరమ్మతులో తొలి మెట్టు.

మనిషిలోనూ ఉత్సాహం ఇంకిపోయిందని తీర్మానించే ముందు, దానికి అడ్డుపడిన పొర ఏదో వెదకడం వివేకం.