కంచు నాణెం ఎవరిది?

ప్రాచీన గ్రీకు నాణేలు సేకరించేవారికి వెండి మీద ఉన్న మోజు కంచు మీద లేదు. కంచు నాణెం చేతులు మారి మారి అరిగిపోయి ఉంటుంది. అరగని దానికే ధర ఎక్కువ. అంటే నాణెం తన పని ఎంత తక్కువ చేసి ఉంటే దానికి అంత గౌరవమన్నమాట!

ఉత్తర గ్రీసులోని ఒలింథస్ నగరాన్నే తీసుకుందాం. అది ఖాల్కిడియన్ సమాఖ్యకు కేంద్రం. దాని కంచు నాణెం మీద ఒక వైపు ఆకుల దండ ధరించిన అపోలో శిరస్సు, రెండో వైపు తంత్రీవాద్యం, 'ఖాల్కిడియన్ల' అనే అర్థం వచ్చే అక్షరాలు. బొమ్మ, అక్షరాలు, బరువు, వ్యాసం చూసి పట్టికతో పోల్చుకుంటే గుర్తింపు పూర్తయినట్టే. వ్యాకరణం చెప్పుకొని బతికేవాణ్ణి గనుక నేను ఆ షష్ఠీ బహువచనం దగ్గర ఆగుతాను. ఎవరా ఖాల్కిడియన్లు? పౌరహక్కులున్న పురుషులు. అదే చిల్లర చేతబట్టిన స్త్రీకీ, బానిసకూ ఆ షష్ఠిలో చోటు లేదు.

వారి జాడ నాణెం మీద కాదు, నాణెం దొరికిన చోట ఉంది. వెండి దూరదేశాలకు పోయేది. కంచు సాధారణంగా తన ప్రాంతం దాటేది కాదు. 1928 నుంచి 1938 వరకు డేవిడ్ రాబిన్సన్ ఇక్కడ నాలుగు విడతలుగా తవ్వించినప్పుడు, ఏ వస్తువు ఏ ఇంట్లో దొరికిందో చాలావరకు రాసిపెట్టారు. ఆ రాతల ఆధారంతోనే నికొలాస్ కేహిల్ 2002లో వెలువడిన గ్రంథంలో ఏ ఇంట ఏ పని సాగిందో చర్చించగలిగాడు.

"ఇలాంటివి వేలున్నాయి గదా, ఒకటి నా పెట్టెలో ఉంటే ఏం పోయింది?" అని సేకరించేవాడు అడగవచ్చు. కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. గ్రీకు నాణేలను ప్రాంతాలవారీగా అమర్చే పద్ధతిని తన మహాగ్రంథంలో (1792-98) స్థిరపరచిన ఎక్‌హెల్ పనిచేసింది వియన్నా రాజుగారి భాండాగారంలోనే. ఆ ఋణం ఒప్పుకోవలసిందే. కాని వేల నాణేల అచ్చు ఒకటే కావచ్చు, వాటిలో ప్రతిదీ పడివున్న చోటు వేరు. దొంగచాటుగా తవ్వినవాడు ఆ చోటు చెప్పడు, చెబితే పట్టుబడతాడు. కొన్నవాడు అడగడు. ఆ మౌనాన్ని డబ్బిచ్చి కొన్నాక సాగే పాండిత్యం ఎంత శ్రద్ధగలదైనా పౌరుల పేరు దాటి ముందుకు పోలేదు.

క్రీ.పూ. 348లో మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ ఒలింథస్‌ను నేలమట్టం చేసి, జనాన్ని బానిసలుగా అమ్మించాడు. నాణెం మీద తమ పేరు వేసుకున్నవారే సంతలో సరుకయ్యారు. ఆ శిథిలాల్లో నాణేలతోపాటు కంచు బాణపు ములుకులు కూడా దొరికాయి. వాటి మీదా షష్ఠీ విభక్తే ఉంది, ఈసారి ఏకవచనంలో: 'ఫిలిప్ యొక్క'.